ఉప్పునీళ్ళు తాగిన కారు

షాదీపూర్, పోర్ట్ బ్లెయిర్
2005 జనవరి 11

అన్నయ్యా,

నువ్వూ వదినా క్షేమంగా ఉన్నారని మాయాబందర్ బస్సు డ్రైవరు వచ్చి చెప్పేదాకా నాకు ముద్ద దిగలేదు. మేమూ బాగానే ఉన్నాం. సునామీ రోజున జంగ్లీఘాట్ ఇంట్లోకి మొలలోతు నీళ్ళొచ్చాయి. సామాను పోయింది, మనుషులం మిగిలాం. ఇప్పుడు షాదీపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాం.

ఇక అసలు సంగతి. మా మామగారి మోరిస్ కారు మునిగింది. నువ్వు జంగ్లీఘాట్‌లో షెడ్డు నడిపిన ఇరవై ఏళ్ళూ దానికి నువ్వే కదా వైద్యం చేసింది! స్టీరింగు చక్రం దాకా నీళ్ళొచ్చాయి. నీళ్ళు తీశాక తలుపు తెరిస్తే సీటు మీద జానెడు బురద, బురదలో ఒక పీత. కర్రతో పొడిస్తే నా మీదికే వచ్చింది, తన ఇల్లయినట్టు.

మీ బావ ఓడ దిగి వచ్చి చూశారు. బానెట్ ఎత్తారు, దించారు. "కతమైపోయింది సీతాలూ. కబాడీవోడికి ఇచ్చేద్దారి" అన్నారు. అంతే, మళ్ళీ దాని వైపు చూడలేదు. ఓడను మరమ్మతుకు విశాఖపట్నం పంపారు, ఓడతో పాటు వంటవాళ్ళూ వెళ్ళాలి కాబట్టి ఆయనా వెళ్ళారు. మే నెలాఖరుకు వస్తారు. వచ్చిన వారానికి పాత ఇనుము కొనే కబాడీవాడు బండి తెచ్చి కారును ముక్కలు చేసి తీసుకుపోతాడట.

నీకు తెలుసు కదా, ఓడలో వందల మందికి వడ్డిస్తూ అందరినీ నవ్వించే మనిషి. ఇక్కడున్న తొమ్మిది రోజుల్లో ఒక్కసారి నవ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. వాళ్ళ నాన్న ఆయన్ని బడికి దింపింది ఆ కారులోనే, మమ్మల్ని పెళ్ళి పందిరి నుంచి ఇంటికి తెచ్చింది ఆ కారులోనే. ఒక కాంట్రాక్టరు ట్రాక్టరుకు కట్టించి దాన్ని షాదీపూర్‌కు లాక్కొచ్చాను. ఆయన వచ్చేలోగా అది నడవాలి. నువ్వు రావాలి.

నీ చెల్లెలు
సీతాలు

---

మాయాబందర్
జనవరి 25

సీతాలూ,

నేను రాలేను తల్లీ. ఇక్కడి పడవల ఇంజన్లన్నీ ఉప్పునీళ్ళు తాగి ఒడ్డున వరసగా పడి ఉన్నాయి. అవి లేచేదాకా ఈ ఊళ్ళో పొయ్యిలు సరిగా వెలగవు. కానీ నీ కారును వదిలెయ్యమని నేను అనను. నీకు చేతులున్నాయి, నాకు తెలిసిన విద్య ఉంది. ఉత్తరాల్లోనే పని కానిద్దాం.

ముందుగా ఒక్క మాట. తాళం తిప్పకు. మునిగిన కారు తాళం తిప్పినవాడే దాన్ని చంపుతాడు. బ్యాటరీ తీసెయ్. మంచినీళ్ళతో లోపలా బయటా కడుగు. ఒకసారి కాదు, నాలుక పెట్టి చూస్తే ఉప్పు తగలనంత వరకూ. తరవాత కింద బోల్టు విప్పి ఆయిల్ దించు. నాలుగు ప్లగ్గులూ తీసి ఆ రంధ్రాల్లో డీజిలూ ఆయిలూ కలిపి పొయ్యి. వారం నాననివ్వు. ఆ తరవాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పి చూడు. తిరగకపోతే పై గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపు. తొందరపడి బలం చూపించొద్దు. తుప్పుతో బతిమాలి పని చేయించుకోవాలి.

ఇంకోటి. నాకు ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో ఇంజన్ మోత నిజంగా వినిపించదు. ఏ మోత ఎలా వచ్చిందో అక్షరాల్లో రాయి. నాకు అదే బాగా అర్థమవుతుంది.

అన్నయ్య
జోగులు

---

షాదీపూర్
ఫిబ్రవరి 14

అన్నయ్యా,

ఆయిల్ దించితే టీ దిగింది! పాలు ఎక్కువైన టీ రంగు. పక్కింటి ఎరుకమ్మ చూసి "గలాసులు తేనా దీదీ?" అంది. ఆవిడ చేపలమ్ముతుంది, నోరూ చెయ్యీ రెండూ గట్టివే.

వారం నానబెట్టాను. హ్యాండిల్ తిరగలేదు. పది రోజులు నానబెట్టాను. తిరగలేదు. అప్పుడు నువ్వు చెప్పినట్టు గేరులో వేసి ఊపాలని నేనొక్కదాన్నే తోస్తుంటే ఎరుకమ్మ చూసి మరో ఐదుగురు ఆడవాళ్ళను పిలుచుకొచ్చింది. "ఏలేలో" అంటూ, వల లాగినట్టు ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి. దారినపోయే ఒకాయన ఆగి, "క్యా కర్ రహే హో, గాడీకో ఝూలా ఝులా రహే హో?" అని అడిగాడు, కారును ఉయ్యాల ఊపుతున్నామా అని. "పిల్లేడుస్తంది, ఊపుతన్నం. నువ్వూ ఓ సెయ్యేయ్!" అంది ఎరుకమ్మ. ఆయనా చెయ్యేశాడు. ఎనిమిదో ఊపుకో తొమ్మిదో ఊపుకో లోపల గరక్కుమంది. తరవాత చుఫ్ఫ్ అని గాలి వదిలింది. హ్యాండిల్ పెట్టి తిప్పితే తిరిగింది అన్నయ్యా! ఆడవాళ్ళం ఏడుగురం రోడ్డు మీద గంతులేశాం. చీర నిండా డీజిలే.

కొత్త బ్యాటరీ పెట్టించాను. ఇప్పుడు తాళం తిప్పితే పెట్రోలు పంపు కొట్టుకోవాలి కదా. ఉలుకూ పలుకూ లేదు. ఏం చెయ్యాలి?

వద్దన్నా వినకుండా బూత్ నుంచి నీ పక్కింటికి ఫోన్ చేశాను. వదిన వచ్చి, "మీ అన్నియ్య పడవ కింద దూరేడమ్మా, ఇప్పుడు రాడు" అంది. పడవ కిందే కాపురం పెట్టావేమిటి?

సీతాలు

---

మాయాబందర్
మార్చి 2

సీతాలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "గరక్" తరవాత "చుఫ్ఫ్" అని రాశావే, ఆ రెండో మాట చూసి లేచి నిలబడ్డాను. గాలి వదిలిందంటే సిలిండర్లలో పట్టు ఉంది. బండి బతికే ఉంది.

పంపు సంగతి. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడకు బిగించిన గుండ్రటి డబ్బా ఉంటుంది, అదే. తాళం తిప్పి ఉంచి, పానా పిడితో దాన్ని మెల్లగా తట్టు. నిద్రపోయేవాణ్ణి భుజం మీద తట్టినట్టు. లేవకపోతే నల్లటి మూత విప్పు. లోపల రెండు చిన్న పాయింట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి మధ్య ఉప్పు పేరుకుని ఉంటుంది. ఉప్పుకాగితం సన్నరకం ముక్కతో ఒక్కసారి రుద్ది, గుడ్డతో తుడువు.

బాగున్న పంపు నాలుగైదు సార్లు టిక్ టిక్ అని కొట్టుకుని ఆగుతుంది. కడుపు నిండిందని అర్థం. ఆగకుండా కొట్టుకుంటుంటే పెట్రోలు రావట్లేదు, గాలి పీలుస్తోందని అర్థం. అప్పుడు ట్యాంకు నుంచి వచ్చే గొట్టం పొడుగునా వెతుకు.

పడవ కింద చల్లగా ఉంటుంది, అందుకే అక్కడే ఉంటున్నాను.

జోగులు

---

షాదీపూర్
మార్చి 19

అన్నయ్యా,

తట్టాను. లేవలేదు. మూత విప్పి రుద్దాను. లేచింది! టిక్ టిక్ టిక్ టిక్ టిక్, ఇక ఆగదే! ఎరుకమ్మ కోడలిలా ఒకటే వాగుడు. నువ్వు చెప్పినట్టు కారు కిందకు దూరి గొట్టం వెంబడి సబ్బు నురుగు రాసుకుంటూ పోయాను. వెనక చక్రం దగ్గర గొట్టం జుట్టంత సన్నగా చిట్లి ఉంది. కొత్త ముక్క వేయించాను. ఈసారి ఐదు టిక్కులు, తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను.

పోయిన గురువారం పొద్దున స్టార్టయింది. మొదట తుమ్మింది, తెల్లటి పొగ కక్కింది, వీధి వీధంతా దగ్గింది. తరవాత డుబుడుబుడుబుమని నిలబడింది. నేను స్టీరింగు పట్టుకుని పిచ్చిదానిలా నవ్వాను. పీత ఉన్న సీటు మీదే కూర్చుని!

కానీ ఒక తంటా. స్టీరింగు ముందున్న ఎర్ర దీపం, ఛార్జి ఎక్కితే ఆరాల్సింది, ఆరట్లేదు. ఎంత రేజ్ చేసినా వెలుగుతూనే ఉంటోంది. మర్నాటికి బ్యాటరీ చచ్చిపోతోంది. ఛార్జి చేయిస్తే మళ్ళీ అదే. డైనమో దగ్గర కాలిన వాసన కూడా. బ్రష్షులు తీసి తుడిచాను, బెల్టు బిగించాను, తీగలన్నీ చూశాను. ఏమీ దొరకలేదు.

సీతాలు

---

మాయాబందర్
మార్చి 28
(కార్డు)

బ్యాటరీ ప్లస్ తీగ ఎక్కడికి పోతోంది? మైనస్ తీగ ఎక్కడికి పోతోంది? చూసి వెంటనే రాయి. అంతవరకూ స్టార్టు చెయ్యకు.
జోగులు

---

షాదీపూర్
ఏప్రిల్ 6

అన్నయ్యా,

మైనస్ కారు బాడీకి ఉంది. ప్లస్ స్టార్టరు వైపు పోతోంది. అన్ని కార్లకూ ఉన్నట్టే ఉంది కదా?

సీతాలు

---

మాయాబందర్
ఏప్రిల్ 14

దొరికింది!

అన్ని కార్లకూ ఉన్నట్టు దీనికి ఉండకూడదు తల్లీ. ఇది పాతకాలం బండి. దీనికి ప్లస్ బాడీకి పోవాలి. కొత్త బండ్లు చూసినవాళ్ళకు అది తప్పులా కనిపిస్తుంది, దిద్దేస్తారు. డైనమో ఒకవైపు తోస్తుంటే బ్యాటరీ మరోవైపు లాగుతోంది. నాగలికి కట్టిన రెండెడ్లూ ఎదురుబొదురుగా నడిస్తే ఎట్లా ఉంటుంది!

తీగలు మార్చు. డైనమో కరెంటును బ్యాటరీకి కలిపే కటౌట్ పెట్టె విప్పి, నల్లబడ్డ పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్దు. ఆ తరవాత డైనమోకు దారి మళ్ళీ నేర్పాలి. దాని మీద చిన్న తీగ ఒకటి ఉంటుంది, ఊడదీసి, బ్యాటరీ మైనస్ నుంచి ఒక తీగ తెచ్చి ఆ చోట ఒక్క క్షణం ముట్టించు. చిన్న రవ్వ వస్తుంది, భయపడకు. అంతే. ఎటు తొయ్యాలో దానికి గుర్తొస్తుంది.

నిన్న ఇక్కడ పద్దెనిమిదో పడవ నీళ్ళలోకి దిగింది. నీ కారు గురించి అందరికీ చెబుతున్నాను. "మీ సెల్లి బండి లెగిసిందా?" అని రోజూ అడుగుతున్నారు, పలక మీద రాసి మరీ.

జోగులు

---

షాదీపూర్
మే 9

అన్నయ్యా,

దీపం ఆరింది! నీ ఉత్తరం పట్టుకుని కొత్త బ్యాటరీ పెట్టిన దుకాణానికి వెళ్ళి అక్కడి భయ్యాకు చూపించాను. "ప్లస్ బాడీకో? దీదీ, యే తో ఉల్టా హై! ఆగ్ లగ్ జాయేగీ" అన్నాడు, మంటలంటుకుంటాయట. "లగనే దో భయ్యా, నా కారు నా ఇష్టం" అన్నాను. దుకాణం మూసి నా వెంటే వచ్చాడు చూద్దామని. రవ్వ ముట్టించి స్టార్టు చేశాను. ఎర్ర దీపం రెప్ప వాల్చినట్టు ఆరిపోయింది. అతను చెవులు పట్టుకుని "ఉస్తాద్ కౌన్ హై ఆప్‌కా?" అని అడిగాడు. నాకు నేర్పిన ఉస్తాదు మా అన్నయ్య అని గొప్పగా చెప్పాను.

డైరీ ఫార్మ్ దాకా నడిపాను కూడా. బ్రేకు గొట్టాలూ రబ్బర్లూ మార్పించాకే, కంగారు పడకు.

ఇప్పుడు చివరి మాట. ఇంజన్ వేడెక్కాక లోపల ఒక మోత వస్తోంది. టక్కా కాదు, టిక్కా కాదు. రాయడానికి నాకు అక్షరం దొరకట్లేదు. బ్యాటరీ భయ్యా బేరింగ్ పోయిందంటాడు. అదే నిజమైతే ఇంజన్ మొత్తం దించాలట. దించితే మే నెలాఖరుకు కాదు, వచ్చే ఏటికి కూడా కాదు. ఇంకొకరేమో టాపెట్ సందు పెరిగింది, చిన్న పనే అంటున్నారు. ఒక్కసారి వచ్చి విను అన్నయ్యా. రెండు నిమిషాలు వింటే నీకు తెలిసిపోతుంది. రోడ్డు బాగుచేశారు, బస్సులు వేళకు తిరుగుతున్నాయి.

ఇంకో మాట అడుగుతాను, కోపగించుకోకు. ఐదు నెలల్లో నాతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడలేదు. నిన్న బూత్ నుంచి చేస్తే వదిన "ఉన్నాడు గానీ..." అని ఆగిపోయింది. నేనేం తప్పు చేశాను? నీకు పలక మీద రాసి ఎందుకు అడుగుతున్నారు?

సీతాలు

---

మాయాబందర్
మే 15

సీతాలూ,

నువ్వేమీ తప్పు చెయ్యలేదు. నాకు వినపడదు.

ఆ రోజు పొద్దున నేను జెట్టీ పక్కన పడవలో ఉన్నాను. నీళ్ళు వచ్చి నన్ను ఎత్తి గోడకు కొట్టాయి. చెంపదెబ్బ రెండు వైపులా ఒకేసారి కొట్టినట్టు. బయటికి వచ్చాక అందరి నోళ్ళూ కదులుతున్నాయి, మాట లేదు. చెవుల్లో నీళ్ళున్నాయి, పోతాయిలే అనుకున్నాను. రక్తం ఆగింది గానీ మోత రాలేదు. ఎవరైనా మొహం మీదకొచ్చి గట్టిగా అరిస్తే దూరంగా ఎవరో గొణిగినట్టుంటుంది.

మీ వదినకూ పడవల వాళ్ళకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. పడవల ఇంజన్లు చేత్తో తడిమి చూసి బాగుచేస్తున్నాను. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో జోగులంటే చెవి. బండి వీధి మలుపులో ఉండగానే రోగం చెప్పేవాణ్ణి. చెవిటివాడి దగ్గరికి ఇంజన్ ఎవరు తెస్తారు? నీకు చెప్పాలంటే సిగ్గేసింది. నీ ఉత్తరాల్లో మోతలు చదువుకుంటుంటే విన్నట్టే ఉండేది. అందుకే పొడిగించాను. ఇప్పుడు నువ్వు రాయలేని మోత వచ్చింది. నేను వచ్చి ఏం చేస్తాను?

జోగులు

---

షాదీపూర్
మే 18

బస్సెక్కు.

ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇస్తున్నాను. తిరుగు బస్సులో నీకు సీటు పెట్టమన్నాను. వినడానికి కాదు, మా ఇంట్లో రెండు రోజులుండి చేపల పులుసు తినడానికి రా. కారు పోతే పోనీ.

నీ చెల్లి

---

షాదీపూర్
జూన్ 2

అన్నయ్యా,

నువ్వు ఇక్కణ్ణుంచి తిరుగు బస్సెక్కిన నాలుగో రోజున ఓడ వచ్చింది. నేను కారు కడిగి, పౌడరు రాసుకుని, ఎరుకమ్మను పక్కన కూర్చోబెట్టుకుని జెట్టీకి వెళ్ళాను.

మీ బావ సంచీ భుజాన వేసుకుని దిగారు. నన్ను చూశారు. నా వెనక కారును చూశారు. ఇంకో మనిషి కారు అనుకున్నారట. నంబరు చూసి ఆగిపోయారు. సంచీ కింద పెట్టి కారు చుట్టూ ఒకసారి తిరిగారు, మళ్ళీ తిరిగారు. "ఎవులు తోలుకొచ్చారు?" అన్నారు. "నేనే" అన్నాను. "సాల్లే" అన్నారు. ఎక్కి స్టార్టు చేశాను. టప్‌మని లేచింది.

ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కారు. నొక్కి, వదలరే! జెట్టీ అంతా తిరిగి చూసింది. పోలీసాయన విజిల్ వేస్తూ వచ్చాడు. "మా నాన్న కారు సాబ్! బతికింది సాబ్!" అని ఆ పోలీసును కౌగలించుకున్నారు. నవ్వుతున్నారు అన్నయ్యా, కళ్ళలో నీళ్ళు, నోటినిండా నవ్వు. ఇంటికి వచ్చేదాకా నడపనని, వెనక సీట్లో కూర్చుంటానని మొండికేశారు. "పెళ్ళికొడుకులా ఉంది నాకు" అన్నారు. కబాడీవాడు వస్తే వాడికి టీ ఇచ్చి, కారులో ఒక రౌండు తిప్పి పంపారు.

ఇక నేను అడగాలి. ఇక్కడికి వచ్చిన రోజు నువ్వు ఆ పొడవాటి స్క్రూ డ్రైవర్ కొన ఇంజన్ మీద పెట్టి, పిడి పళ్ళతో కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నావు. అంగుళం అంగుళం జరుపుతూ చాలాసేపు ఉన్నావు. తరవాత "బేరింగ్ కాదు, మూడో టాపెట్" అన్నావు. సందు సరిచేస్తే మోత పోయింది. చేత్తో తడిమి కనిపెట్టానన్నావు. కళ్ళు తుడుచుకుంటుంటే ఏమిటని అడిగితే పొగ అన్నావు. పొగ లేదు. నేను అక్కడే ఉన్నాను.

సీతాలు

---

మాయాబందర్
జూన్ 13

సీతాలూ,

నాకు వినపడకపోయినా నీ ఉత్తరం గట్టిగా చదవమని మీ వదినకు ఇచ్చాను. ఆవిడ చదువుతూ నవ్వుతుంటే ఆవిడ మొహం చూస్తూ నేనూ నవ్వాను. బావకు నా బదులు నువ్వే ఒక దెబ్బ వెయ్యి, అట్లా నొక్కితే హారన్ కాలిపోతుంది.

చెప్పేస్తాను. ఆ రోజు నాకు వినపడింది. పాతకాలం అలవాటు కొద్దీ పళ్ళతో కరిచాను, అదురు తెలుస్తుందేమోనని. అదురు కాదు, మోత! పళ్ళలోంచి తలలోకి వచ్చింది. ఒక్కొక్క టాపెట్ ఒక్కొక్క గొంతుతో. ఐదు నెలల తరవాత. నమ్మలేదు, జ్ఞాపకం మోసం చేస్తోందేమో అనుకున్నాను. అందుకే నీకు చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక పడవ ఇంజన్ల మీద పెట్టి చూశాను. వినపడుతోంది. గడియారం పళ్ళతో కరిచి పట్టుకుంటే కూడా వినపడుతోంది. మీ వదిన నాకు మతి పోయిందనుకుంటోంది.

చెవిలో పోయినదేదో, తలలో ఉన్నట్టుంది. ఇది బాగుచెయ్యగల బండేనా? ఎవరిని అడగాలి?

జోగులు

---

షాదీపూర్
జూన్ 22

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివిన గంటలో నేనూ మీ బావా ఆసుపత్రిలో ఉన్నాం, కారులోనే. చెవి డాక్టరమ్మకు నీ ఉత్తరం హిందీలో చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "దాఁత్ సే సునా? స్క్రూ డ్రైవర్ సే?" అని, పళ్ళతో విన్నాడా అని, రెండుసార్లు అడిగింది. చెవిలో గాలి మోసే మోత వేరు, ఎముక మోసే మోత వేరట. ఎముకలోంచి వినపడిందంటే లోపలి నరం బాగుందట. కర్ణభేరి చిరిగి ఉంటుంది, దానికి మాటు వెయ్యొచ్చు అంది. "ఉన్‌కో జల్దీ బులావ్" అంది, వెంటనే రప్పించమని.

ఉస్తాదుకే ఉస్తాదు దొరికింది. నిన్ను జూలైలో తీసుకురావడానికి మీ బావ సెలవు పెట్టారు. కారులో మాయాబందర్ దాకా వస్తానంటున్నారు. నేను ఒప్పుకోలేదు. బస్సులోనే వస్తారు.

సీతాలు

---

మాయాబందర్
అక్టోబరు 10

సీతాలూ,

ఆపరేషన్ అయ్యాక మీ ఇంట్లో పెట్టిన తిండి ఇంకా అరగలేదు. కట్టు విప్పిన రోజు కుడిచెవిలో ఏమీ తేడా లేదని నేను మొహం వేలాడేసుకుంటే, డాక్టరమ్మ వారాలు పడుతుందని చెప్పింది కదా. నిజమే చెప్పింది.

మొన్న శుక్రవారం పొద్దున పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. వెనకనుంచి ఎవరో, "సెవిటి మాలోకం, ఆ నీలు వంపకురా అంటే ఇనడు గదా, నా కరమ!" అన్నారు. తిరిగి చూస్తే మీ వదిన. చేపలు శుభ్రం చేస్తోంది, నా వైపు చూడటం కూడా లేదు. నాకు వినపడదని తొమ్మిది నెలలుగా ఇలా మొహమాటం లేకుండా తిట్టుకుంటోందన్నమాట! వినపడిందని చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఆవిడ పాట మొదలుపెట్టింది. మాటలు సరిగా రావు, రాగం మాత్రం గోరువెచ్చగా ఉంది, పొలుసు గీకే కత్తి చప్పుడుకు తగ్గట్టు. మా పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. మీ వదిన అమ్ములు పాడుతుందని నాకు తెలియదు. నా చెవులు ఎప్పుడూ ఇంజన్ల మీదే కదా.

నోరు మూసుకుని బక్కెట్టు పట్టుకుని లోపలికి వచ్చేశాను. శని, ఆదివారాలు కూడా చెప్పలేదు. ఏం అడిగినా పలక అందిస్తున్నాను. తిట్లన్నీ వింటున్నాను, కొన్ని నిజంగానే బాగున్నాయి. పొద్దున పాట కోసం పెరట్లో పళ్ళు చాలాసేపు తోముతున్నాను.

నువ్వు కూడా ఆవిడకు చెప్పకు. ఇంకొక్క వారం విననివ్వు.

అన్నయ్య
జోగులు